మార్చి మబ్బు, మే గాడ్పు

(నెల్లూరు జిల్లా కలిగిరి ప్రాంత రైతుల సమావేశంలో వ్యవసాయ శాఖ విశ్రాంత ఉద్యోగి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కోతలు, పొగాకు ఆకు కోసే రెలుపులు వదులుకుని ఇంతమంది వచ్చారు. అమ్మలు కూడా వచ్చారు, చాలా సంతోషం. మీ టైము విలువ నాకు తెలుసు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. ఇక మృగశిర కార్తె దాకా, అంటే జూన్ మొదటి వారం దాటేదాకా, మన ముందు మూడు నెలల పైచిలుకు కాలం ఉంది. పట్నంలో ఉండేవాళ్లకు ఇదంతా ఒకటే ఎండాకాలం. మనకు అలా కుదరదు. మాగాణిలో వరి కోతకు వచ్చింది. మెట్ట మీద పొగాకు చివరి రెలుపుల్లో ఉంది. శనగ కొందరు మిషన్‌కు వేసేశారు, కొందరిది ఇంకా కుప్పల్లోనే ఉంది. మామిడి పిందె కట్టింది. నిమ్మకు ధర పలికే నెలలు ఇవే. ఎడగారు, అంటే ఎండాకాలంలో వేసే రెండో వరి పంట, వెయ్యాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. ఏడాదంతా పెట్టిన డబ్బు తిరిగి చేతికి రావాల్సిన రోజులివి. ఒక్క గంట వానకు ఆ డబ్బు నేలపాలయ్యేదీ ఈ రోజుల్లోనే.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. వాతావరణ శాఖ దగ్గర్నుంచి మనకు మూడు రకాల కబుర్లు వస్తాయి. మూడు నెలలకు కలిపి ఇచ్చేది ఒకటి, వారానికి ఇచ్చేది ఒకటి, రెండు మూడు గంటలకు ఇచ్చేది ఒకటి. దేని పని దానిది. మూడు నెలల కబురు చూసి కోత తేదీ పెట్టుకున్నా, వారం కబురు చూసి ఎడగారు ఎకరాలు లెక్కేసుకున్నా దెబ్బ తింటాం. తిన్నాక, వాళ్లు చెప్పింది ఎప్పుడు జరిగింది గనక అని టీవీ కట్టేస్తాం. మన జిల్లాలో చాలామంది చేస్తున్నది ఇదే. దీనివల్ల పంట పోతోంది, కొన్నిసార్లు మనుషులే పోతున్నారు. అందుకే ఇంత పట్టుగా చెబుతున్నాను.

ముందు మూడు నెలల అంచనా. ఫిబ్రవరి ఆఖరున భారత వాతావరణ శాఖ మార్చి, ఏప్రిల్, మే నెలలకు అంచనా విడుదల చేస్తుంది. మార్చి ఆఖరున ఏప్రిల్ నుంచి జూన్ దాకా మరొకటి ఇస్తుంది. ఏప్రిల్ మధ్యలో నైరుతి రుతుపవనాల మొదటి అంచనా, మే ఆఖరున దానికి సవరణ వస్తాయి. ఈ ఏడాది దాంట్లో ఏముందో మీరు పేపర్లో చూసే ఉంటారు, నేను మళ్లీ చదవను. దాన్ని మన మండలానికి ఎలా అన్వయించుకోవాలో చెబుతాను.

పేపర్లో "ఈసారి మంటలే" అని పెద్దక్షరాల్లో వేస్తారు. అసలు అంచనాలో ఉండేది అంత భయంకరంగా ఉండదు. సాధారణం కంటే ఎక్కువ ఎండ ఉండే అవకాశం ఇంత శాతం అని ఉంటుంది. సాధారణం అంటే 1991 నుంచి 2020 దాకా ముప్పై ఏళ్ల సగటు. మూడు నెలల సగటు అర డిగ్రీ పెరిగినా సాధారణం కంటే ఎక్కువ కిందే లెక్క. ఆ అర డిగ్రీ మన ఒంటికి తెలియదు గానీ చెరువులో నీళ్ల మీద తెలుస్తుంది. ఎకరం విస్తీర్ణంలో ఒక మిల్లీమీటరు నీళ్లంటే నాలుగు వేల లీటర్లు. మే నెలలో మన దగ్గర నీటి మీద నుంచి రోజుకు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఆవిరవుతాయి. అంటే ఎకరం చెరువు మీద రోజుకు ముప్పై వేల లీటర్లు. నెల తిరిగేసరికి జానెడు లోతు నీళ్లు ఎవరూ వాడకుండానే పోతాయి. గాలి ఎక్కువైతే ఇంకా పోతాయి.

కాబట్టి మూడు నెలల అంచనా పనికొచ్చేది ఎడగారు నిర్ణయానికి, బోరు కింద తోటలు ఉన్నవాళ్లు నీళ్లు పంచుకోవడానికి. ఎడగారు గురించి కాస్త నిదానంగా మాట్లాడుకుందాం. మన జిల్లాలో ఏడాది వానలో సగం పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. మార్చి నుంచి మే దాకా పడేది అంతా కలిపినా ఏడాది వానలో పదో వంతు కూడా ఉండదు. సోమశిల జలాశయం పూర్తి సామర్థ్యం 78 టీఎంసీలు. అక్కడికి వచ్చే నీళ్లు పెన్నా వరదలవి, శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా వచ్చే కృష్ణా నీళ్లు. ఆ రెండూ పోయిన ఏడాదే వచ్చేశాయి. ఎండాకాలం వాన సోమశిలను నింపదు, కండలేరును నింపదు. "ఏప్రిల్లో వాన చెప్పారు గదా, ఎడగారు వేసేద్దాం" అనుకోవడం తప్పు లెక్క. ఇవాళ డ్యామ్‌లో ఉన్న మట్టం ఎంత, నీటి సలహా మండలి ఎన్ని ఎకరాలకు ఒప్పుకుంది, మన పొలం కాలువ మొదట్లో ఉందా చివర్లో ఉందా, ఈ మూడే చూడాలి. చివరి భూముల వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. మే నెలలో కాలువలో వదిలిన నీళ్లలో దారిలోనే ఇంకిపోయేదీ ఆవిరయ్యేదీ ఎక్కువ. చివరి తూముకు చేరేది ఎంతో మీకు నాకంటే బాగా తెలుసు.

ఇంకో సంగతి. నీళ్లు ఉన్నాయి కదా అని ఫిబ్రవరి ఆఖరులోనే నారు పోసేవాళ్లు ఉన్నారు. నూట ఇరవై రోజుల రకం అనుకోండి, పూత తొంభై రోజులకు వస్తుంది. లెక్క వేసుకోండి, మే 25 దగ్గరికి వస్తుంది. రోహిణి కార్తె మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. వరి పొద్దున తొమ్మిది నుంచి పదకొండు లోపల పువ్వు విచ్చుతుంది. ఆ వేళకు ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతింటుంది, గింజ పట్టదు, తాలు మిగులుతుంది. ఎరువు తక్కువైందని ఇంకో బస్తా యూరియా వేసినా అది తీరే లోటు కాదు. పూత రోహిణిలో పడకుండా నారు తేదీ జరుపుకోవడమే మందు. ఏప్రిల్ రెండో వారంలో పోస్తే పూత జులైలోకి వెళ్తుంది. అప్పటికి ఎండ తీవ్రత కొంత తగ్గుతుంది.

మూడు నెలల అంచనా గురించి మాట్లాడితే ఎల్‌నినో పేరు రాకుండా ఉండదు. పసిఫిక్ సముద్రంలో నీళ్లు మామూలు కంటే వేడెక్కితే ఎల్‌నినో, చల్లబడితే లానినా. ఎల్‌నినో వచ్చిన ఏడాది జూన్ నుంచి సెప్టెంబరు దాకా దేశంలో వాన తగ్గే అవకాశం ఎక్కువ. 2023 ఆగస్టులో దేశం మొత్తానికి 1901 తర్వాత ఎన్నడూ లేనంత తక్కువ వాన పడింది. ఆ మాట వినగానే మన వాళ్లు భయపడిపోతారు. కానీ మన వాన వేరు. ఎల్‌నినో ఏళ్లలో ఈశాన్య వానలు బాగా పడటమే ఎక్కువ. 2015 గట్టి ఎల్‌నినో సంవత్సరం. ఆ నవంబరులో నెల్లూరు జిల్లా వరదల్లో మునిగింది. 2023 కూడా అంతే, డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటుతూ మనల్ని ముంచింది. అలాగని ఎల్‌నినో మనకు మంచిదని నేను అనడం లేదు. కర్ణాటక, మహారాష్ట్రల్లో వాన లేకపోతే శ్రీశైలం నిండదు, సోమశిలకు కృష్ణా నీళ్లు రావు. పశ్చిమ ప్రకాశం వాళ్లకు, కనిగిరి, పొదిలి వైపు కంది, సజ్జ వేసేవాళ్లకు ఆ లోటు నేరుగా తగులుతుంది. పక్కపక్క జిల్లాల్లోనే ఒక రైతుకు ఎల్‌నినో కరువు, ఇంకొక రైతుకు వరద. టీవీలో ఒక ముక్కలో చెప్పే కబురు మన ఇద్దరికీ ఒకటే ఎలా అవుతుంది?

ఇప్పుడు మార్చి, ఏప్రిల్ మబ్బుల సంగతి. ఈ నెలల్లో బంగాళాఖాతం మీద అధిక పీడనం నిలబడుతుంది. దాని అంచు నుంచి ఆగ్నేయపు గాలి తేమను మోసుకుని మన మీదికి వస్తుంది. దాన్నే మనం పైరగాలి అంటాం. పడమర నుంచి పొడి గాలి వస్తుంది. ఈ రెండూ కలిసే చోట విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా ఒక ద్రోణి ఏర్పడుతుంది. వార్తల్లో వినే ఉపరితల ద్రోణి ఇదే. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నేల కాగుతుంది. కాగిన గాలి పైకి లేస్తుంది, తేమ తోడైతే మూడు నాలుగు గంటలకల్లా వెలిగొండల మీద మబ్బు కడుతుంది. పై ఎత్తున గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి ఆ మబ్బు ఉదయగిరి, వింజమూరు దాటి మన వైపు నడిచి వస్తుంది. అందుకే ఎండాకాలం వాన మనకు పడమర నుంచి వస్తుంది, సాయంత్రం పూట వస్తుంది. కార్తీకంలో వచ్చే ముసురుకూ దీనికీ పోలిక లేదు. ముసురు జిల్లా అంతా కమ్ముకుని రోజుల తరబడి ఉంటుంది. ఇది రెండు మూడు ఊళ్ల వెడల్పున వచ్చి, గంటలో చేయగలిగినంత నష్టం చేసి పోతుంది. పక్క ఊళ్లో దుమ్ము కూడా తడవదు.

ఈ తేడా మనసులో పెట్టుకుంటేనే వారం కబురు అర్థమవుతుంది. ప్రతి మంగళవారం, శుక్రవారం వ్యవసాయ వాతావరణ సలహా బులెటిన్ వస్తుంది. తెలుగులోనే ఉంటుంది. మేఘదూత్ యాప్‌లో మీ జిల్లా పెట్టుకుంటే ఫోన్‌కే వస్తుంది. దాంట్లో "ఒకటి రెండు చోట్ల", "కొన్ని చోట్ల", "చాలా చోట్ల" అని రాస్తారు. ఇవి ఏదో దాటవేతకు రాసిన మాటలని చాలామంది అనుకుంటారు. వాటి వెనుక లెక్క ఉంది. ఒకటి రెండు చోట్ల అంటే వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు లోపు చోట్లే పడుతుందని. కొన్ని చోట్ల అంటే నాలుగో వంతు నుంచి సగం దాకా. ఒకటి రెండు చోట్ల అన్న రోజు మన ఊళ్లో పడకపోవడానికే అవకాశం ఎక్కువ. పడలేదని కబురు తప్పినట్టు కాదు. కొన్ని చోట్ల అన్న రోజు మాత్రం ధాన్యం బయట ఆరబోసి ఇంటికి పోకూడదు. వానకు కూడా కొలత ఉంది. తేలికపాటి వాన అంటే రెండున్నర నుంచి 15 మిల్లీమీటర్ల దాకా. మోస్తరు అంటే 64 దాకా. ఆ పైన భారీ. ఆరబోసిన ధాన్యానికి మోస్తరు వాన అక్కర్లేదు, తేలికపాటి వానే చాలు.

వరి కోతకు వద్దాం, ఎందుకంటే ఇక్కడ సగం మంది మనసు దాని మీదే ఉంది. మిషన్ దొరికింది కదా అని కోయించేస్తున్నాం. మిషన్ కోతలో గింజ పచ్చిగా వస్తుంది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ దాటితే తీసుకోరు. అంటే కోసిన తర్వాత రోడ్డు మీదో కళ్లంలోనో రెండు మూడు రోజులు ఆరాలి. ధాన్యానికి గండం ఆ రెండు మూడు రోజుల్లోనే. పైరు నిలబడి ఉన్నప్పుడు ఒక వాన పడితే కొంత పడిపోతుంది, కొంత దక్కుతుంది. నేల మీద పరిచిన ధాన్యం తడిస్తే మొలకలు వస్తాయి, రంగు మారుతుంది, పుట్టికి దళారి ఎంత చెబితే అంతకు ఇవ్వాల్సి వస్తుంది. పుట్టి అంటే మనకు 850 కిలోలు. ఎకరానికి మూడు పుట్లు పండించిన మనిషికి రెండు పుట్ల డబ్బు కూడా రాని ఏళ్లు మీరంతా చూశారు. 2023 మార్చి మూడో వారంలో రాష్ట్రమంతా పడిన అకాల వాన ఎవరూ మరిచిపోయి ఉండరు.

అందుకని కోత తేదీ పెట్టుకునేటప్పుడు మిషన్ ఎప్పుడు వస్తుందని మాత్రమే అడగొద్దు. కోత రోజుతో పాటు ఆ తర్వాతి మూడు రోజులూ ఎలా ఉన్నాయో చూడండి. మూడు రోజుల దాకా ఇచ్చే కబురు మీద గట్టిగా ఆధారపడవచ్చు. ఐదు రోజులు దాటితే ఉరుముల వాన విషయంలో పట్టు సడలుతుంది. అది వాళ్ల చేతగానితనం కాదు, ఆ మబ్బు పుట్టేదే ఆ మధ్యాహ్నం. మిషన్ వాళ్లతో మాట్లాడుకునేటప్పుడు ఊరంతా కలిసి మాట్లాడుకోండి. ఒకే రోజు ముప్పై ఎకరాలు కోయించి రోడ్డంతా పరిచి, పట్టలు మాత్రం పది ఎకరాలకు సరిపడా ఉంటే ఏం లాభం? పట్టలు ఎన్ని ఉన్నాయో అన్ని ఎకరాలే కోయించాలి. ధాన్యం పరిచే చోటు కూడా కాస్త ఎత్తుగా ఉండాలి. పైన పట్ట కప్పినా కింద నుంచి నీళ్లు పారితే అడుగున ఉన్నదంతా నానిపోతుంది. రోడ్డు మీద పోస్తే రాత్రిపూట బండ్ల వాళ్లకు ప్రమాదం, ఆ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

పొగాకు వాళ్లకు వాన చేసే నష్టం పైకి కనపడదు. ఆకు పచ్చగానే ఉంటుంది. కానీ ఆకు మీది జిగురు కడుక్కుపోతుంది, బరువు తగ్గుతుంది, ఆకు కాల్చే బ్యారన్‌లో రంగు సరిగా రాదు. వేలంలో ఆ తేడా కిలోకు రూపాయల్లో తెలుస్తుంది. వాన పడిన మర్నాడే రెలిచే తొందర వద్దు, మళ్లీ జిగురు పట్టడానికి కొన్ని రోజుల ఎండ తగలనివ్వండి. ఇంట్లో కట్టి పెట్టిన బేళ్లు గోడకు ఆనించకండి, నేల మీద నేరుగా పెట్టకండి. తేమ గాలికే బూజు పడుతుంది. బ్యారన్ పైకప్పు రేకులు ఈదురుగాలికి లేచిపోతాయి, బోల్టులు ఇప్పుడే బిగించుకోండి.

శనగ గురించి ఒక్క మాట. కుప్పల్లో ఉంచకండి, ఈ వారమే మిషన్‌కు వేసెయ్యండి. మిర్చి కళ్లంలో ఉన్నవాళ్లకూ అదే మాట, తడిసిన కాయ తెల్లబారి తాలు కిందికి పోతుంది.

ఉదయగిరి వైపు, ఉలవపాడు వైపు మామిడి తోటల వాళ్లు ఇద్దరు ముగ్గురు కనపడుతున్నారు. మబ్బు పట్టి తేమగా ఉన్న వారంలో తేనెమంచు పురుగు, బూడిద తెగులు పెరుగుతాయి. ఎండ కాస్తున్న వారంలో మందు కొట్టి డబ్బు పోసుకోవడం కంటే, బులెటిన్‌లో మబ్బు వారం కనపడగానే తోటలో తిరిగి చూసి, ఉంటేనే కొట్టండి. కొట్టిన తర్వాత కొన్ని గంటలైనా వాన పడకూడదు కాబట్టి ఆ రోజు కబురు కూడా చూసుకోవాలి. కాయ ఎదిగాక గంటకు యాభై కిలోమీటర్ల ఈదురుగాలి వచ్చిందంటే ఎంత రాలుతుందో మీకు చెప్పక్కర్లేదు. గాలిని ఆపలేం. తోటకు పడమర పక్క సరుగుడు వరస ఉన్నవాళ్లకు రాలుడు తక్కువ. ఈ ఏడాదికి ఇక కుదరదు, వచ్చే వానలకు నాటుకోండి. నిమ్మ తోటల్లో మొక్కను బాగా ఎండనిచ్చి ఒక్కసారి నీళ్లు పెడితేనో, వాన పడితేనో కాయ పగులుతుంది. తక్కువైనా సరే రోజు మార్చి రోజు ఇవ్వండి, పాదుల్లో ఎండుగడ్డి పరచండి. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువుల వాళ్లకు మబ్బు పట్టిన రాత్రి ప్రాణవాయువు పడిపోతుంది. మేత తగ్గించడం, ఏరియేటర్లకు డీజిల్ నిల్వ పెట్టుకోవడం వాళ్లకు తెలిసినవే.

ఇక మూడో కబురు, గంటల కబురు. అన్నిటికంటే ఎక్కువ నేను దీని కోసమే వచ్చాను. మచిలీపట్నంలో, చెన్నైలో, శ్రీహరికోటలో వాతావరణ రాడార్లు ఉన్నాయి. మబ్బు ఎక్కడ ఉంది, ఎటు నడుస్తోంది అన్నది అవి చూస్తూనే ఉంటాయి. దాన్ని బట్టి రెండు మూడు గంటల ముందు ఫలానా జిల్లాలో ఉరుములు, పిడుగులు అని చెబుతారు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి ఫోన్లకు మెసేజ్ వస్తుంది. దామిని అనే యాప్ మన చుట్టూ ఇరవై, నలభై కిలోమీటర్ల లోపల పిడుగు పడుతుంటే చెబుతుంది. ఆ మెసేజ్ రాగానే మనం చేసేది ఏమిటి? ధాన్యం మీద పట్టలు కప్పడానికి పొలానికి పరిగెత్తుతాం. అమ్మను, భార్యను, పిల్లల్ని కూడా తీసుకుపోతాం. పిడుగులు పడే గంటలో ఖాళీ పొలంలో మనమే ఎత్తుగా నిలబడతాం. నాలుగు చినుకులు పడగానే తాటిచెట్టు కిందికో వేపచెట్టు కిందికో చేరతాం. పిడుగుపాటుకు పోయినవాళ్ల వార్తలు గుర్తు తెచ్చుకోండి, చెట్టు కింద నిలబడ్డవాళ్లే ఎంతమంది. గొర్రెలు కాసుకునే వాళ్లు, కలుపు కూలీలు, మన అక్కచెల్లెళ్లు.

పట్టలు కప్పాల్సింది మెసేజ్ వచ్చాక కాదు. వారం కబురులో ఆ రోజు ఉరుములు ఉన్నాయని తెలిస్తే మధ్యాహ్నం రెండు గంటలకే కుప్ప చేసి కప్పేయండి. ఎండ కాస్తున్నా సరే. రెండు గంటల ఆరుదల పోతుంది, పోనివ్వండి. మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి. శబ్దం మూడు సెకన్లకు ఒక కిలోమీటరు నడుస్తుంది. ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినపడిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉన్నట్టు. అంటే తర్వాతి పిడుగు మన మీదే పడవచ్చు. ఉన్న పని ఉన్నచోట వదిలి పక్కా ఇంట్లోకో, తలుపులు మూసిన కారులోకో చేరండి. రేకుల షెడ్డు, మోటారు పాక, ట్రాక్టరు కింద నీడ, ఇవేవీ రక్షణ ఇవ్వవు. ఏమీ దొరక్కపోతే చెట్లకూ కరెంటు స్తంభాలకూ దూరంగా పల్లంలో మడమలు కలిపి గొంతుక్కూర్చోండి, పడుకోకండి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రండి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని దూరంగా నిలబడతారు. అది నిజం కాదు. గుండె ఆగి ఉంటే వెంటనే ఛాతీ మీద నొక్కడం మొదలుపెట్టాలి, ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి.

మే నెలకు వద్దాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో మనల్ని కాపాడేది సముద్రపు గాలి. మే వచ్చేసరికి పడమటి గాలి బలపడుతుంది. దక్కన్ మీద కాగిన గాలి వెలిగొండలు దిగి వచ్చేటప్పుడు ఇంకా వేడెక్కుతుంది. ఆ గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి లోపలికి రాలేదు. కావలిలో మధ్యాహ్నానికి తిరిగే గాలి మన దాకా వచ్చేసరికి సాయంత్రమవుతుంది, ఒక్కోరోజు రానే రాదు. ఆ రోజులే 43, 44 డిగ్రీలు. అందుకే మేలో ఉష్ణోగ్రత అంకె కంటే గాలి దిక్కు చూడండి. పొద్దున పది గంటలకే పడమటి గాలి గట్టిగా వీస్తుంటే ఆ మధ్యాహ్నం వడగాడ్పే.

బంగాళాఖాతంలో తుఫాను అనగానే మనకు వాన అనుకుంటాం. మే తుఫాను చాలాసార్లు ఉత్తరానికి, ఒడిశాకో బెంగాల్‌కో పోతుంది. 2019లో ఫణి అలాగే పోయింది, 2020లో ఆంఫన్ అలాగే పోయింది. అది పోతూ పోతూ పడమటి పొడి గాలిని మన మీదుగా లాక్కుంటుంది, మనకు ఎండ ఇంకా పెరుగుతుంది. మన పక్కకే వచ్చినవీ ఉన్నాయి. 2010 మే 20న లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది, ఒంగోలు చుట్టుపక్కల ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. 1979 మే తుఫాను ఈ తీరాన్నే తాకింది, వందల మంది పోయారు. కాబట్టి తుఫాను పేరు విన్నాక దాని దారి ఎటో తెలుసుకునే దాకా ఏ నిర్ణయమూ వద్దు. ఇంకొకటి, జూన్ మొదటి వారంలో రుతుపవనాలు వచ్చేశాయని టీవీలో చెబుతారు. మన దగ్గర జూన్ నెలంతా ఎండే. ఆ వార్త విని విత్తనం వేస్తే మొలక మాడిపోతుంది.

వడదెబ్బ గురించి ఇక్కడున్న కౌలు రైతులు, కూలీ పనికి పోయే అమ్మలు బాగా వినండి. 2015 మేలో ఎండకు మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది పనికి పోయినవాళ్లు, పెద్దవాళ్లు. దాహం వేసేదాకా ఆగకండి. మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగండి. ఉపాధి పనైనా, సొంత పనైనా పదకొండుకల్లా ముగించండి. మాట తడబడి, చెమట ఆగిపోయి, ఒళ్లు కాలిపోతుంటే అది మామూలు నీరసం కాదు. నీడలోకి చేర్చి, తడిగుడ్డలతో ఒళ్లంతా తుడుస్తూ, 108 పిలవండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. పశువులకూ ఇంతే. గొర్రెల్ని పొద్దున తొందరగా తోలి పదికల్లా నీడకు చేర్చండి. ఎండిన జొన్న మోడుల నుంచి మే వానకు వచ్చే లేత పిలకలు చూడ్డానికి పచ్చగా ఉంటాయి, వాటిలో సైనైడ్ విషం ఉంటుంది. పశువు ఒక్క పూట మేసినా చనిపోవచ్చు.

మే వాన అంతా చెడ్డది కాదు. కోతలైపోయి పొలం ఖాళీగా ఉన్నప్పుడు ఇరవై మిల్లీమీటర్లు పడిందంటే ఎకరానికి ఎనభై వేల లీటర్లు ఉచితంగా వచ్చినట్టు. ఆ పదునులోనే వాలుకు అడ్డంగా దున్నండి. కలుపు, నేలలోని పురుగు కోశాలు ఎండకు చస్తాయి, తర్వాతి వాన పారిపోకుండా ఇంకుతుంది. జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పూత దశలో కలియదున్నితే మాగాణికి అంతకంటే మంచి ఎరువు లేదు. విత్తనం ఇప్పుడే రైతు సేవా కేంద్రంలో చెప్పి పెట్టుకోండి, వాన పడ్డాక వెతుక్కుంటే పదును పోతుంది.

వెనక నుంచి ఒక పెద్దాయన అడుగుతున్నారు, కార్తెలు నమ్మాలా యాప్ నమ్మాలా అని. పెదనాన్నా, రెండిటికీ తగువు లేదు. "అశ్వని కురిస్తే అంతా నష్టం, భరణి కురిస్తే ధరణి పండును" అన్నారు పెద్దలు. అశ్వని అంటే ఏప్రిల్ 13 నుంచి 27 దాకా. ధాన్యం, మిర్చి కళ్లాల్లో, కాయ చెట్ల మీద ఉండే రోజులు. భరణి నాటికి కళ్లాలు ఖాళీ, వాన దుక్కులకు పనికొస్తుంది. వందల ఏళ్లు చూసి చెప్పిన మాట, నేను ఇంతసేపూ చెప్పిందీ అదే. ఏ పక్షంలో దేనికి సిద్ధంగా ఉండాలో కార్తె చెబుతుంది. ఈ మంగళవారం సాయంత్రం మబ్బు వస్తుందా లేదా అన్నది అది చెప్పదు. దానికి ఫోన్ చూడాలి.

ఇంకో అన్న నష్టపోయాక ఏం చెయ్యాలని అడిగారు. ప్రభుత్వం పంటలు రాసుకునే ఈ-క్రాప్‌లో మీ పంట నమోదై ఉందో లేదో రేపే చూసుకోండి. అది లేకుండా కొనుగోలూ లేదు, పరిహారమూ లేదు. కౌలు రైతులు గుర్తింపు కార్డు మీద మీ పేరుతోనే నమోదు చేయించుకోండి. భూమి యజమాని ఒప్పుకోవడం లేదంటే ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని ఒప్పించాలి, ఆ బాధ్యత ఇక్కడున్న భూస్వాములందరి మీదా ఉంది. పెట్టుబడి పోయేది కౌలు రైతుది, పరిహారం వచ్చేది ఇంకొకరికి అంటే అది అన్యాయం. ఫసల్ బీమా కట్టినవాళ్లు వడగళ్లకో, కోసి ఆరబెట్టిన పంట వానకో పోతే 72 గంటల్లోపు తెలియజేయాలి. కోసిన తర్వాత పద్నాలుగు రోజుల దాకానే ఆ రక్షణ ఉంటుంది. తడిసిన ధాన్యం ఎత్తేసే ముందు ఫొటోలు తీసి పెట్టుకోండి, పొలం గుర్తు తెలిసేలా తియ్యండి. ప్రభుత్వ పెట్టుబడి రాయితీకి 33 శాతం పైగా నష్టం ఉండాలి, కాబట్టి లెక్క రాసుకోవడానికి వచ్చినప్పుడు మీరు పొలం దగ్గరే ఉండండి.

యాప్‌లు ఎలా పెట్టుకోవాలో తెలియని వాళ్లు ఇక్కడే ఉండండి. మీ పిల్లలు ఇద్దరు డిగ్రీ చదివేవాళ్లు వచ్చారు, మీ ఫోన్లలో మేఘదూత్, దామిని పెట్టి, మన మండలం పెట్టి ఇస్తారు. మామూలు ఫోన్ ఉన్నవాళ్లు నంబరు రాయించండి, మెసేజ్ వచ్చేలా చూద్దాం. నమస్కారం.